జర్మనీ అడవి లెక్క, మన కొండల పోడు

అరకు రైల్లో వెళ్తుంటే కొండవాలు మీద పోడు చెక్కలు కనిపిస్తాయి కదా. "అడవి తగలబెట్టేస్తున్నారు" అని పక్క సీట్లో ఎవరో ఒకరు అనేస్తారు. ఈ ఆలోచన ఎక్కడిదో తెలియాలంటే ముందు జర్మనీ వెళ్లాలి.

సాక్సనీలో ఫ్రైబర్గ్ దగ్గర వెండి గనులుండేవి. వెండి కరిగించడానికి కట్టెలు కావాలి, చుట్టూ అడవి తరిగిపోయింది. అక్కడి గనుల అధికారి కార్లోవిట్జ్ 1713లో ఒక పుస్తకం రాశాడు. ఎంత పెరిగితే అంతే నరకండి అన్నది దాని సారం. మంచి మాటే! కానీ తర్వాతివాళ్ల చేతిలో అడవంటే కలప ఖాతా అయిపోయింది. దుంపలకి, అడ్డాకులకి, కొండచీపుళ్లకి ఆ ఖాతాలో చోటు లేదు.

ఆ శాస్త్రం ఇండియాకి వచ్చింది రైళ్ల కోసం. పట్టాల కింద స్లీపర్లకి కలప కావాలి. బాన్‌లో పుట్టిన వృక్షశాస్త్రవేత్త బ్రాండిస్‌ని 1864లో దేశం మొత్తానికి అడవుల పెద్ద అధికారిగా పెట్టారు. ఆయన్నే విలన్ అనేయకండి. ఊళ్లకీ సొంత అడవులుండాలని వాదించినవాడాయన. అడవంతా సర్కారుదే అన్నవాడు బాడెన్-పావెల్ (స్కౌట్స్ స్థాపించిన ఆయనకి సవతి అన్న). 1878 చట్టంలో గెలిచింది ఈయన మాటే. మద్రాసుకి వేరే చట్టం 1882లో వచ్చింది.

ఇక మన కొండల సంగతి. పోడంటే వాలు మీద చెట్టు కొట్టి, ఎండాక కాల్చి, ఆ బూడిదలో సామలు, చోళ్లు, కందులు చల్లడం. కొన్నేళ్లకి ఆ చెక్క వదిలేస్తే మళ్లీ అడివవుతుంది. రిజర్వు గీత గీశాక అదే నేరమైంది. గూడెం కొండల్లో దానికి తోడు రోడ్డు పనికి వెట్టి, ముఠాదార్ల హక్కులు పోవడం. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో 26 తుపాకులు పోయాయి. అల్లూరి ఒక్కడి కథగా సినిమాల్లో చూస్తాం గానీ, వెనక నడిచినవాళ్లకి అడవి గీతే అసలు గొడవల్లో ఒకటి.

బ్రాండిస్ అడిగిన ఊరి అడవి లాంటిది, సామూహిక అటవీ హక్కు అనే పేరుతో, 2006 చట్టంలో వచ్చింది. అంటే మద్రాసు చట్టానికి 124 ఏళ్ల తర్వాత. ముఠాదార్ల సంగతి వచ్చే ఎపిసోడ్‌లో చెప్పుకుందాం.