పాలపిట్ట నీలము, జక్కూరు ప్రయోగశాల

విజయదశమి నాడు తెలుగువారు కంటబడిన చాలునని వెదకెడి పాలపిట్ట, కర్ణాటకమునకును తెలంగాణమునకును రాష్ట్రపక్షి. చాకవేలు, బాగేపల్లి, చింతామణి వంటి మెట్టసీమలలో తీగపై కూర్చున్నంతసేపు మట్టివన్నెతో నుండి, ఎగిరిన మరుక్షణమున అది రెక్కలనిండ నీలమును విప్పి చూపును. ఆ నీలమునకు కారణమైన రంజకమేదియు ఈకలో లేదు. ఈకపోగులలో కెరటిన్ అను పదార్థమును గాలియు మిల్లీమీటరులో రమారమి పదివేలవ వంతు సందులతో అల్లుకొని యుండుటచే, నీలికాంతి మాత్రమే కలిసికట్టుగ వెనుకకు మరలుచున్నది. ఈకను నూరి ఆ అల్లికను చెరచినచో నీలము మాయమై, అడుగుననున్న నలుపే మిగులును.

విశాఖపట్టణమున బాల్యము గడపిన చంద్రశేఖర వేంకట రామన్, నోబెల్ బహుమానము పొందిన నాలుగేండ్లకు, అనగా 1934లో, బెంగుళూరున ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌ను స్థాపించి, దాని పత్రిక తొలి సంపుటముననే పక్షుల ఈకల రంగులనుగూర్చి వ్యాసము ప్రకటించి, అందు పాలపిట్టనే పరిశీలనకు గైకొనెను. అంతటివాడు ఈకలను ముందిడుకొని కూర్చుండుట కొందరికి వింతగ తోచియుండవచ్చును. ఇట్టి సూక్ష్మమైన అల్లికలుగల నానోపదార్థముల చరిత్రను ఈ సీమలో వ్రాయదలచినవాడు మాత్రము ఆ వ్యాసమునుండియే మొదలుపెట్టవలెనని నా అభిప్రాయము.

కృష్ణామండలమున అగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతము, 1928లో కలకత్తా చేరి రామన్‌కు శిష్యుడై, 1931లో గురువుతో కలసి కాంతికణమునకు భ్రమణగుణము కలదని నిరూపించెను. ఆయన 1957 మొదలు 1962 వరకు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకుడు. ఆ కాలముననే, 1959లో, అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది వచ్చిన చింతామణి నాగేశ రామచంద్రరావు ఆ సంస్థలో అధ్యాపకుడుగ చేరెను. పేరులోని మొదటి మాట పైన పేర్కొన్న పట్టణముదే యైనను, ఆయన పుట్టినది బెంగుళూరున.

1970లో కాలధర్మము నొందిన రామన్ చూడలేకపోయిన విశేష మొకటి కలదు. 1974లో ఇంగ్లాండున ఫ్లైష్‌మన్ ప్రభృతులు గరుకు చేసిన వెండిపై పిరిడీన్ అణువులనుంచి వానినుండి రామన్ కాంతిని, అనగా ఆయన కనుగొనినట్లు అణువులు వన్నె మార్చి వెదజల్లు కాంతిని, కొలువగా, అది అసాధారణమైన బలముతో వెలువడెను. బంగారమును సూక్ష్మరేణువులుగ జేసిన కెంపువన్నె దాల్చునని 1857లోనే ఫారడే చూపియుండెను. ఆ వన్నెకును వెండి చేసిన ఉపకారమునకును కారణ మొక్కటే. వెలుగు సోకినపుడు లోహములోని ఎలక్ట్రానులు మూకుమ్మడిగ ఊగి, తమ చెంతనున్న కాంతిబలమును పెక్కురెట్లు పెంచును. అత్యల్పమైన విషమును, మందును, కల్తీని పట్టి చూపు నేటి పరికరములు పెక్కింటికి ఈ ధర్మమే ఆధారము.

బాగేపల్లి మీదుగ దక్షిణమునకు సాగెడి హైదరాబాదు రహదారిలో, దేవనహళ్ళియు యలహంకయు దాటినంతనే జక్కూరు వచ్చును. ఆ పేరు వినగనే పలువురకు విమానశిక్షణ మైదానమే జ్ఞప్తికి వచ్చును గాని, రామచంద్రరావు 1989లో స్థాపించిన జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత విజ్ఞాన పరిశోధన కేంద్రము నున్నది అచ్చటనే. కర్బనపు ఏకాణు పొరయగు గ్రాఫీన్‌పై ఆయన బృందము విశేషముగ కృషిచేసెను. ఆ పొర విద్యుత్తును చక్కగ నడపును; కాని తనపై బడిన వెలుగులో 2.3 శాతమునే పీల్చును గనుక, దానితో వెలుగును పసిగట్టు పరికరము చేయుట సులభము కాదు. 2011లో భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన కృపానిధి మొదలగువారితో కలసి రావుగారు ప్రకటించిన పరిశోధనలో, గాజుతీగల ద్వారా వార్తలను మోయు 1550 నానోమీటరుల పరారుణ కాంతిని రెండు విధముల కర్బనముపై ప్రసరింపజేసిరి. క్షయకరించిన గ్రాఫీన్ ఆక్సైడు, తనపై బడిన ప్రతి వేయి కాంతికణములకు మూడు ఎలక్ట్రానులను మాత్రమే ప్రవాహమునకు సమకూర్చెను. సన్నని నానోపట్టీల రూపముననున్న గ్రాఫీనో, రెండు వోల్టుల విద్యుత్పీడనమునకే, ఎనిమిది వందలను సమకూర్చెను.