మదురై నాయకుల కాసులు

విశ్వనాథ నాయకుడితో 16వ శతాబ్దిలో మొదలై 1736లో రాణి మీనాక్షితో ముగిసిన మదురై నాయక రాజ్యంలో చలామణీ అయిన చిన్న రాగి నాణేలను నాణేల సేకర్తలు ఈ పేరుతో పిలుస్తారు. కోయంబత్తూరు సీమ కూడా ఆ రాజ్యంలోదే. పెద్ద లెక్కలు వరహాల్లో, పణాల్లో జరిగేవి. చిల్లర బేరాలకు కాసు. ఒకవైపు దేవుడి బొమ్మో, నందో, ఏనుగో ఉంటుంది. రెండోవైపు తమిళంలోనో, తెలుగులోనో, నాగరిలోనో రాత. తెలుగు రాతల్లో తరచుగా కనిపించేది 'శ్రీవీర'.

ఈ కాసుల నాణ్యతను చూసే తీరు వేరు. అమెరికా రాగి సెంట్ల కోసం విలియం షెల్డన్ 1949లో పెట్టిన 1 నుంచి 70 దాకా అంకెల పద్ధతి యంత్రపు నాణేలకు సరిపోతుంది. సుత్తితో కొట్టిన కాసుకు దాన్ని తగిలించడం అనవసరపు ఆర్భాటం. అచ్చు బిళ్లకన్నా పెద్దది కాబట్టి, ఒక్కరోజు కూడా చేతులు మారని కాసులోనైనా 'వీ' గుడిదీర్ఘం అంచు బయటికి పోయి ఉండవచ్చు. అది అరుగుదల కాదు. అరిగిన అక్షరం ఉన్నచోటే పలచబడి నునుపు తేలుతుంది. తెగిన అక్షరం అంచు దగ్గర నిక్కచ్చిగా ఆగిపోతుంది. ఏటవాలు వెలుతురులో తిప్పి చూస్తే తేడా తెలుస్తుంది. బొమ్మ ఎంత ముచ్చటగా ఉన్నా, రాత పూర్తిగా పడిన కాసుకే ఎక్కువ ధర పెట్టాలి.

చిలుము సంగతి మరీ ముఖ్యం. గట్టిగా, నున్నగా, ఒకే రంగులో పట్టిన ముదురు చిలుము కాసుకు కవచం. గోటికి పొడిగా రాలే లేత ఆకుపచ్చ మచ్చలు మాత్రం లోహాన్ని తినేసే జబ్బు. వైగై ఇసుకలోనో, కరూరు దగ్గర అమరావతి ఇసుకలోనో దొరికిన కాసును ఇంటికి తెచ్చి, రాగి చెంబును తోమినట్టు చింతపండుతో తోమేవారున్నారు. కాసు ఎర్రగా మెరుస్తుంది, విలువ సగానికి సగం పోతుంది. పోతపోసిన నకిలీలకు ఒంటిమీద సూదిమొన రంధ్రాలు, అంచు చుట్టూ సన్నని అతుకుగీత ఉంటాయి.

'శ్రీవీర' రాజు పేరు కాదు. రాత అంతవరకే ఉన్న కాసును ఆ వంశపు పాలకులైన 'తిరుమల నాయకుడిది', 'రాణి మంగమ్మది' అని చెప్పి ధర పెంచితే నమ్మకూడదు. కోయంబత్తూరు సీమలోని తెలుగు కుటుంబాల్లో ఇంట తెలుగు, బడిలో తమిళం. అందుకే తమిళ రాతను తడుముకోకుండా చదివేవారు కూడా తెలుగు రాత దగ్గర బేరగాడి మాటకు లోబడతారు. తెలుగు లిపి నేర్చుకోవడం భూతద్దం కొనడంకన్నా లాభం.

ఇక దొరికిన నాణేల విషయంలో చట్టం సంగతి. ఉదాహరణకు వెళ్లలూరు. కోయంబత్తూరు శివారులోని ఆ ఊళ్లో 1842లో 500కు పైబడి రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. ఎక్కువ అగస్టస్, టైబీరియస్‌లవి. అలాంటి నిధి దొరికితే, విలువ పది రూపాయలు దాటితే చాలు, 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. వందేళ్లు దాటిన నాణేన్ని దేశం దాటించడాన్ని 1972 చట్టం నిషేధించింది. కాసుకూ అదే వర్తిస్తుంది.