విత్తే చేతికి ఒక ప్రశ్న

తమిళనాడులోని రాజపాళయం దాటి తూర్పు మైదానంలోకి వెళ్తే బీళ్లలో, ఎండిన చెరువుల్లో ఒకటే ముళ్లచెట్టు. అక్కడ దాన్ని సీమై కరువేలం అంటారు, మనం సర్కారు తుమ్మ అంటాం. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఆ చెట్టును 1877లో కడప జిల్లాలో నాటారు. కరువు నేలలో పేదల పొయ్యికి కట్టెలు దొరకాలన్నదే ఉద్దేశం. కట్టెలు దొరికాయి, బొగ్గు బట్టీలకు బతుకుదెరువూ దొరికింది. కానీ స్థానిక మొక్కలకు చోటు పోయింది. దాన్ని, అలాంటి ఇతర మొక్కలను తొలగించడానికి 2022లో తమిళనాడు ప్రభుత్వం ప్రత్యేక విధానమే తేవలసి వచ్చింది.

ఇతర లోకాల్లో జీవం నాటాలా అన్న చర్చ చదివినప్పుడల్లా నాకు ఈ చెట్టే గుర్తొస్తుంది.

సూక్ష్మబీజాలు వెలుతురు తోపుకు అంతరిక్షంలో ప్రయాణిస్తాయని 1903లో శాస్త్రవేత్త అరీనియస్ ఊహించాడు. అప్పటికది ప్రకృతి పని, మనిషికి బాధ్యత లేదు. రాకెట్లు వచ్చాక బాధ్యతా వచ్చింది. 1957 నవంబరులో, చంద్రగ్రహణం నాటి రాత్రి, కలకత్తాలో జీవశాస్త్రవేత్త హాల్డేన్‌తో విందులో ఉన్న జన్యుశాస్త్రవేత్త లెడర్‌బర్గ్‌కు ఒక దిగులు పట్టుకుంది: పరిశీలించకముందే చంద్రుణ్ణి మైలపరుస్తామేమోనని. తరువాత ఆ కాలుష్యాన్ని ఆపాలని ఆయన గట్టిగా పోరాడాడు. 1967 అంతరిక్ష ఒప్పందం హానికర కాలుష్యాన్ని నివారించాలంది. భారత్ 1982లో దాన్ని ధ్రువీకరించింది. 1976లో కుజుడిపై దిగిన వైకింగ్ నౌకలను ప్రయోగానికి ముందు 110 డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి ఉంచి శుద్ధిచేశారు.

ఎదురు వాదమూ పెరిగింది. భూమికి జీవాన్ని ఎవరో కావాలనే పంపారేమోనని 1973లో శాస్త్రవేత్తలు క్రిక్, ఆర్గెల్ ప్రశ్నించారు. మనమే ఇతర నక్షత్రాలకు పంపాలని, అది మనిషి ధర్మమని శాస్త్రవేత్త మౌట్నర్ వాదించాడు. జీవం ఒక్క భూమి మీదే ఉంటే, భూమితోపాటే పోతుందన్న ఆ భయం నాకూ తెలుసు.

అయితే ముందు చూసుకోవాలి. 2005లో హైదరాబాదు నుంచి ఎగిరిన బెలూను 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తున గాలిని పట్టి తెచ్చింది. అందులో మూడు కొత్త బాక్టీరియా జాతులు బయటపడ్డాయి. ఖాళీ అనుకున్న చోటా ఎవరో ఉంటారు.

రాజపాళయం తెలుగువారూ వలస వచ్చినవారే. వాళ్లు తమిళం నేర్చారు, ఇరుగుపొరుగుతో కలిసి బతికారు. సూక్ష్మజీవికి ఆ మర్యాద తెలియదు. దాని తరఫున అనుమతి అడగవలసింది పంపే మనమే. అడిగేందుకు అక్కడ ఎవరైనా ఉన్నారో లేదో తేలేదాకా, విత్తనాల మూట విప్పకూడదు.