మన పెద్దలు వెంట తెచ్చిన పులి–మేక

2024 డిసెంబరు 12వ తేదీన సింగపూర్‌లోని సెంతోసా ద్వీపంలో దొమ్మరాజు గుకేశ్, చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌ను ఏడున్నర–ఆరున్నర పాయింట్ల తేడాతో ఓడించి చదరంగంలో ప్రపంచ విజేత అయ్యాడు. అప్పటికి అతనికి 18 ఏళ్ళు. చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన ఈ కుర్రవాడు మన వాకిట్లోనే ఇంతటి విజయం సాధించాడంటే ఇక్కడి తెలుగువారమంతా పొంగిపోయాము. పొంగిపోవలసినదే. అయితే ఆ సంతోషం వెనుకనే ఒక ప్రశ్న మమ్మల్ని పట్టుకున్నది. మనకంటూ ఒక పటం ఆట ఉండేది గదా, అది ఏమైనది?

ఈ ప్రశ్న మాకు తోచినది టాంపినీస్‌లో. అక్కడి ఎత్తైన ఇళ్ళ సముదాయాల కింద గోడలు లేని అంతస్తు ఒకటి ఉంటుంది. వాయిడ్ డెక్ అంటారు. అక్కడ సిమెంటు బల్లలు, వాటిపై చదరంగపు గళ్ళు ఉండడం పాఠకులకు తెలిసినదే. సాయంకాలం పెద్దలు చేరి గంటల తరబడి ఎత్తులు వేస్తారు. చుట్టూ నిలబడినవారు ఉచిత సలహాలు ఇస్తారు. మేము చూచినంతలో ఏ బల్లపైనా పులి–మేక గీతలు కనిపించలేదు. గీయమని అడిగినవారూ లేరు, అందులో మేమూ ఉన్నాము.

టాంపినీస్ అన్న పేరు తెంపినిస్ అనే గట్టి కలప చెట్టును బట్టి వచ్చినది. ఒకప్పుడు అక్కడ పల్లెలు, రబ్బరు తోటలు, ఇసుక తవ్వకాలు ఉండేవి. 1970ల చివర కొత్త పట్టణ నిర్మాణం మొదలైనది. 1992లో ఆ పట్టణానికి ప్రపంచ ఆవాస పురస్కారం లభించినది. రబ్బరు చెట్టు కింద బతికిన మనవంటివారి సంతతి ఈనాడు పదవ అంతస్తులోనో పన్నెండవ అంతస్తులోనో కాపురం ఉంటున్నది. తోట పోయి పట్టణం వచ్చినందుకు మాకు విచారం లేదు. తోటలోని కష్టం ఎవరికీ వద్దు. కాని ఆ కష్టంలోనూ మన పెద్దలు నిలుపుకున్నది ఒకటి పట్టణంలో జారిపోతున్నదని మా బాధ.

గంజాం, విశాఖపట్నం, గోదావరి మండలాల నుండి మనవారు ఒప్పందపు కూలీలుగా, పిమ్మట కంగాణీల వెంట మలయాకు వచ్చారు. ఒప్పందాల మీద కూలీలను చేర్చుకొనడం 1910తో నిలిచినది. కంగాణీ పద్ధతి 1938 వరకు సాగినది. ఓడ ఎక్కినవాని మూటలో ఏముంటుంది? రెండు బట్టలు, ఒక చెంబు. చదరంగపు బల్ల, ఏనుగులు, గుర్రాలు కొని తెచ్చుకొనే స్తోమత ఎవరికున్నది? పులి–మేకకు అవేవీ అక్కరలేదు. నేలపై బొగ్గుతో గీత గీస్తే పటం సిద్ధం. మూడు పెద్ద రాళ్ళు పులులు, పదిహేను చింతపిక్కలు మేకలు. ఆట అంతా బుర్రలో ఉన్నది. బుర్రకు ఓడలో అదనపు కిరాయి లేదు.

ఈ నేలకూ ఇటువంటి ఆటలు కొత్త కావు. మలయులు చదరంగాన్ని ‘చాతుర్’ అంటారు. అది మన ‘చతురంగ’ శబ్దమే. వారి చొంకాక్ చూస్తే మన వామనగుంటలు గుర్తుకు రాక మానవు. రెండింటిలోనూ వరుసకు ఏడు గుంటలే. వారికి పులుల ఆట కూడా ఉన్నది. దాని పేరు రిమావ్–రిమావ్. అందులో పులులకు ఎదురు నిలిచేవి మేకలు కావు, మనుషులు. సింగపూర్ అడవులలో 19వ శతాబ్దాన పులులు తోట కూలీలను నిజంగానే ఎత్తుకుపోయేవి. అటువంటి చోట ఆటలో మేకకు బదులు మనిషి నిలబడడంలో వింత లేదు.

ఇక మన పటం సంగతి. మరచిపోయినవారి కోసం వివరంగా చెబుతాము. ఊరూరికీ నియమాలలో కొద్ది తేడాలు ఉన్నవి. ఎక్కువమంది ఆడేది ఇది. పైన ఒక కొన, దాని నుండి కిందికి నాలుగు గీతలు, వాటిని కోస్తూ అడ్డంగా మూడు పొడుగు గీతలు. ఆ మూడింటి చివరలను ఇరుప్రక్కలా నిలువు గీతతో కలపాలి. అట్టడుగున నాలుగు గీతలనూ కలిపే పీట గీత ఒకటి. లెక్క చూడండి: కొన ఒకటి, మూడు అడ్డ గీతలపై ఆరేసి చొప్పున 18, పీటపై 4, మొత్తం 23 చోట్లు. మేకలవాడు ఒక్కొక్క మేకనే దించుతాడు. పదిహేనూ దించేవరకు ఏ మేకా కదలరాదు. పులి తన ప్రక్కనున్న మేకపై నుండి తిన్నగా అవతలి ఖాళీలోకి దూకితే ఆ మేక పోయినట్టే. మూడు పులులూ కదలలేకుండా కట్టివేస్తే మేకల గెలుపు.

పిల్లల ఆట అని తీసిపారేయడానికి లేదు. ఒక్క మేకా చావకుండా పదిహేనూ దిగితే పటంపై 18 కాయలు, మిగిలేది ఐదు ఖాళీలు. ఆట అంతా ఆ ఐదు ఖాళీలపైనే నడుస్తుంది. అనుభవం గల మేకలవాడు మొదట ప్రక్క నిలువు గీతల నాలుగు కొసలను, పీట గీత రెండు కొసలను పట్టుకుంటాడు. ఆ ఆరు చోట్ల వెనుక చోటు లేదు గనుక పులి దూకలేదు. తక్కిన తొమ్మిది మేకల ప్రాణం ఒకదాని వెనుక ఒకటి నిలబడడంలో ఉన్నది. పులి ఎదుటి మేక వెనుక ఖాళీ ఉండరాదు. ఆట సూత్రం అంతే. కాని దానిని పదిహేను ఎత్తుల దాకా తప్పకుండా పాటించగలవారు బహు కొద్దిమంది. పాచికలు లేవు గనుక ఓడినవాడు అదృష్టాన్ని తిట్టుకొనే వీలూ లేదు.

ఈ కోవకు చెందిన నేపాల్ ఆట బాఘ్ చాల్. దానిలో నాలుగు పులులు, ఇరవై మేకలు, 25 చోట్లు. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన లిమ్ యూ జిన్, యూర్గ్ నీవర్గెల్ట్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి కంప్యూటరుతో దాని లెక్క తేల్చాడు. ఇరుపక్షాలూ తప్పు చేయకుండా ఆడితే ఎవరూ గెలవరు, ఆట సమంగా ముగుస్తుందని వారి వ్యాసం 2009లో వెలువడినది. మన 23 చోట్ల పటానికి ఆ ఫలితం నేరుగా వర్తించదు. అయినా ఒక్క మాట. సింగపూర్ విశ్వవిద్యాలయంలో కంప్యూటరుకు పెట్టవలసినంతటి ఆట ఇది. మనమేమో ‘కూలీల కాలక్షేపం’ అని దానికి సిగ్గుపడ్డాము.

సిగ్గుపడ్డామన్నది నిజం. ‘పులిజూదం’ అనే పేరు విని జూదమేమో అనుకొని పిల్లలను దూరం పెట్టినవారున్నారు. చదువు పాడవుతుందని రాళ్ళు విసిరేసినవారున్నారు. ఇందులో ప్రభుత్వం తప్పు లేదు, పొరుగువారి తప్పు లేదు. చేతులారా వదులుకున్నది మనమే.

దీనివలన పోయినది ఆట ఒక్కటే అయితే ఇంత వ్రాయవలసిన పని లేదు. సింగపూర్ బడులలో తమిళం ఉన్నది. తమిళేతర భారతీయ భాషలలో హిందీ, పంజాబీ, బెంగాలీ, గుజరాతీ, ఉర్దూలకు అవకాశం ఉన్నది. తెలుగుకు లేదు. 1975లో వెలసిన సింగపూర్ తెలుగు సమాజం వంటి సంస్థలు తమ పని తాము చేస్తున్నవి. అయినా ఇంట్లో మాట్లాడనిదే భాష నిలువదు. తాతతో మనుమడు తెలుగులో ఏమి మాట్లాడాలి? ‘తిన్నావా, పడుకున్నావా’ దగ్గర మాట ఆగిపోతున్నది. పటం ముందు కూర్చుంటే ఆగదు. ‘ఆ మూల మూసెయ్యి’, ‘వెనుక ఖాళీ చూసుకో’, ‘తాతా, నీ పులిని కట్టేశాను!’ అని వాడే అరుస్తాడు. పాఠం చెబుతున్నామని వానికి తెలియదు.

కనుక పాఠక సోదర సోదరీమణులకు మా మనవి ఇంతే. ఇంట్లో ఒక అట్టముక్కపై ఈ గీతలు గీయండి. ఆ అట్టను చంకన పెట్టుకొని కింది బల్ల దగ్గరకు నడవండి. చదరంగపు గళ్ళపై దానిని పరచండి. చైనా పెద్దమనిషి వచ్చి ఇదేమిటని అడుగుతాడు, మలయు పెద్దమనిషి రిమావ్ అని గుర్తుపట్టవచ్చు. వారికీ నేర్పండి. మొదటి ఆటలో మేకలను మాత్రం మీ మనుమలకు ఇవ్వండి. పులితో గెలవడం సులువు. పదిహేను మేకలను నిలబెట్టడమెలాగో వారు నేర్చుకోవాలి.