పెద్దమ్మ నోట్సూ, మిరపకోతలూ, వారానికో ఇంగ్లీషు ప్లానూ

మొన్న సంక్రాంతికి గుంటూరు దగ్గర మా పెద్దమ్మ వాళ్ళ ఊరు వెళ్ళాను. పెద్దమ్మ జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటుగా చేసి రిటైరయింది. అటక మీద సామాను దించుతుంటే ఓ గోనెసంచి నిండా పొడుగు నోటుపుస్తకాలు దొరికాయి. అన్నీ లెసన్ ప్లాన్లే! ఆరు నుంచి పది దాకా, వారానికి రెండేసి పేజీలు, స్కేలు పెట్టి గీసిన గళ్ళు, కింద ఎర్ర ఇంకుతో హెచ్చెమ్ సంతకం.

నాలుగు పుస్తకాలు తిరగేసేసరికి మన బుర్ర ఊరుకోదు కదా, డిఫ్ మొదలెట్టింది. ఒక ఏడాది ఫిబ్రవరి రెండో వారం, తరవాతి ఏడాది ఫిబ్రవరి రెండో వారం... అక్షరం తేడా లేదు.

"పెద్దమ్మా, ఇది కంట్రోల్ సీ, కంట్రోల్ వీ కదా?" అన్నాను.

"అవి ఇన్‌స్పెక్షన్‌కి రా నాన్నా. అసలుది వెనక చూడు" అంది.

వెనక అట్ట లోపల పెన్సిలుతో: ఎనిమిదో తరగతి, బుధవారం నుంచి పదకొండుమంది కోతకి. కింద పేర్లు. ఆ పక్కన సోమ, మంగళ వారాలకి ఏదో రాసుకుంది, దాని సంగతి తరవాత చెప్తాను. మా వైపు జనవరి నుంచి మిరపకోతలు. అమ్మానాన్నలతోపాటు పిల్లలూ పోతారు. కొందరు ఉగాదికి తిరిగొస్తారు, కొందరు ఇక రారు.

ఒకే పుస్తకంలో ముందు ఒక ప్లానూ, వెనక ఇంకో ప్లానూ ఎందుకున్నాయా అని తిరిగొచ్చాక చదవడం మొదలెట్టాను. అదే ఈ టపా.

ముందు వైపు గళ్ళ సంగతి. పిల్లల్ని సిద్ధం చెయ్యటం, పాఠం చెప్పటం, తెలిసినదానితో పోల్చటం, సూత్రం రాబట్టటం, అభ్యాసం. బీయెడ్ చదివినవాళ్ళు నిద్రలో లేపి అడిగినా చెప్తారు, హెర్బార్ట్ సోపానాలు అని. యోహాన్ హెర్బార్ట్ (1776-1841) జర్మన్ తత్వవేత్త. కోనిగ్స్‌బర్గ్‌లో ఒకప్పుడు కాంట్ కూర్చున్న ప్రొఫెసర్ కుర్చీలో కూర్చున్నాయన. తమాషా ఏంటంటే ఆయన చెప్పినవి నాలుగే, అవీ మనసు ఒక విషయాన్ని ఎలా అందుకుంటుందన్న చర్చలో. వాటిని సాగదీసి అయిదు మెట్ల ఫార్మాట్ చేసింది జిల్లర్, రైన్ అనే శిష్యులు. అది పందొమ్మిదో శతాబ్దం చివరికి ఇంగ్లండు, అమెరికా ట్రైనింగ్ కాలేజీలకి చేరింది, అటుతరవాత మన బీయెడ్ సిలబస్‌కీ వచ్చింది. (రిక్వైర్‌మెంట్ ఒకరిది, టెంప్లేటు ఇంకొకరిది, నింపేది మనం. ఎక్కడో విన్నట్టు లేదూ? :) )

మరి ఎర్ర సంతకం? 1862లో ఇంగ్లండులో ఫలితాన్ని బట్టి చెల్లింపు అనే పద్ధతి పెట్టారు. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాడు, ఎంతమంది పాసైతే బడికి అంత గ్రాంటు. మద్రాసు ప్రెసిడెన్సీకీ అది వచ్చింది. గ్రాంటు పద్ధతి పోయి ఎన్నో ఏళ్ళయింది గానీ, టీచరు రాసుకునేది పిల్లల కోసం కాక వచ్చే ఆఫీసరు కోసం అన్న అలవాటు మాత్రం ఉండిపోయిందని నా అనుమానం.

ఇక వెనక అట్ట. ఆ ప్రశ్నని కాగితం మీద పెట్టినాయన ఒకరున్నారని తెలిసి నాకు ఆశ్చర్యమేసింది. మైకేల్ వెస్ట్. ఢాకా టీచర్స్ ట్రైనింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్. 1926లో బెంగాల్ పిల్లల ఇంగ్లీషు చదువు మీద బైలింగ్వలిజం అనే పుస్తకం వేశాడు. ఆయన చూసింది చాలా మామూలు విషయం: కోర్సు మొదలెట్టిన పిల్లల్లో ఎక్కువమంది పూర్తి చెయ్యరు. పాఠాలేమో అందరూ చివరిదాకా ఉంటారన్నట్టు రాసి ఉంటాయి. మధ్యలో పోయిన పిల్లవాడికి మిగిలేదేంటి? దీనికాయన వాడిన మాట సరెండర్ వేల్యూ. అవును, ఎల్లైసీ పాలసీలో మనం వినే మాటే! ప్రీమియం మధ్యలో ఆపేస్తే చేతికి ఎంతొస్తుంది అనేది.

ఆయన లెక్కలో మాట్లాడటం, రాయటం సగంలో ఆపితే పెద్దగా మిగలదు. చదవటం మాత్రం వచ్చినంత మేరకు పనికొస్తుంది. అందుకే ముందు చదివించండి అన్నాడు, తక్కువ మాటలతో, కొత్త మాటలు పల్చగా చల్లిన కథలతో న్యూ మెథడ్ రీడర్లు తయారుచేశాడు. పల్లెటూరి పిల్లలకి మాట్లాడే ఇంగ్లీషు ఎందుకులే అన్న వాసన అందులో లేకపోలేదు. ఇంటర్వ్యూల్లో నోరు పెగలక అవస్థ పడ్డవాడిగా అక్కడ నాకు ఒళ్ళు మండింది కూడా. కానీ వెళ్ళిపోయే పిల్లల్ని లెక్కలోకి తీసుకుని సిలబస్ ఆలోచించాడు చూడండి, అది మామూలు సంగతి కాదు.

తరవాత వచ్చినవాళ్ళు ఆ లెక్క మర్చిపోయారు. 1950ల్లో మద్రాసు వైపు మొదలై స్ట్రక్చరల్ పద్ధతి వచ్చింది. 1958లో హైదరాబాదులో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ (1972లో సీఫెల్, 2007లో ఇఫ్లూ అయింది) దేశమంతటి టీచర్లకీ శిక్షణ ఇచ్చింది. దిస్ ఈజ్ ఎ పెన్, దట్ ఈజ్ ఎ బుక్ దగ్గర మొదలై వాక్యనిర్మాణాలు ఒకదాని మీద ఒకటి ఇటుకల్లా పేర్చుకుంటూ పోవాలి. కాగితం మీద ఎంత అందంగా ఉంటుందో! పక్కా వాటర్‌ఫాల్. కానీ బుధవారం నుంచి రానివాడికి బుధవారం ఇటుక లేదు. గురువారం ఇటుక దేనిమీద పెట్టాలి?

దీన్ని తిరగేసింది ఎన్.ఎస్. ప్రభు. 1979 నుంచి 1984 దాకా బెంగుళూరు, మద్రాసుల్లో కొన్ని బళ్ళల్లో ప్రయోగం చేశారు. వాక్యాల వరస లేదు, వ్యాకరణం జాబితా లేదు. క్లాసుకి ఒక పని. ఉదాహరణకి రైల్వే టైంటేబుల్. ముందు టీచరు క్లాసంతటితో కలిసి ఏ బండి ఎప్పుడు బయల్దేరుతుంది, ఎప్పుడు చేరుతుంది అని ఇంగ్లీషులో అడిగి రాబడతారు. తరవాత అలాంటిదే ఇంకోటి ఎవరికి వాళ్ళు చెయ్యాలి. క్లాసులో కనీసం సగంమంది కనీసం సగం పని చెయ్యగలిగితే ఆ పని సరిగ్గా కుదిరినట్టు. 1985లో అచ్చయిన మూల్యాంకనంలో ఫలితాలు కొంచెం అటూ ఇటూగానే ఉన్నాయి: స్ట్రక్చర్ల పరీక్షలో పాత పద్ధతి పిల్లలు, భాషని వాడే పరీక్షల్లో ప్రభు పిల్లలు మెరుగ్గా చేశారు. నన్ను పట్టుకున్నది మాత్రం వేరే. ఇక్కడ ఏ రోజు పని ఆ రోజుదే. నిన్న రానివాడు కూడా ఇవాళ కూర్చుని చెయ్యొచ్చు. దీన్నసలు ఎవరూ హాజరుపట్టీ వైపు నుంచి మెచ్చుకున్నట్టు నాకు కనపళ్ళేదు, వాళ్ళంతా భాష ఎలా అబ్బుతుందన్న గొడవలోనే ఉన్నారు.

2012 నుంచి వరసగా మన రాష్ట్రంలో ఇంగ్లీషు పుస్తకాలు మారాయి, పదోతరగతిది 2014లో. బొమ్మ చూసి మాట్లాడటం, డైరీ, ఉత్తరం, సంభాషణ రాయటం వచ్చాయి. నేను అంతకుముందే పది గట్టెక్కాను కాబట్టి వాటి మీద తీర్పు చెప్పను. పెద్దమ్మ పాత ప్లాన్లు మాత్రం పాత పుస్తకాలవే.

ఇదంతా ఫోన్లో పెద్దమ్మకి చెప్పి, "మైకేల్ వెస్ట్ పేరు విన్నావా?" అనడిగాను.

"డిక్షనరీ ఆయనేనా?" అంది. ఆయనే. 1935లో డిక్షనరీ కూడా వేశాడు. సరెండర్ వేల్యూ సంగతి తనకి ఎవరూ చెప్పలేదట, బీయెడ్ పరీక్షలో హెర్బార్ట్ వచ్చాడు, రాసిందట.

"మరి ఆ సోమ, మంగళవారాలు?"

ఆ రెండ్రోజులూ పురుగుమందు డబ్బాలు తెప్పించి చదివించేదట. కడిగిన ఖాళీ డబ్బాలు కాదు, పైన చుట్టిన కాగితాలు. పాయిజన్ అన్న మాట, ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాల్లో దేనికి విషం ఎక్కువ, ఎన్ని మిల్లీలీటర్లు, తిండికి దూరంగా పెట్టమన్న వాక్యం. కోతకెళ్ళే పదకొండుమందినీ ముందు బెంచీల్లో కూర్చోబెట్టి ఒక్కొక్కరిచేతా పైకి చదివించేదట. "బుధవారం నుంచి వాళ్ళుండేది ఆ చేలల్లోనే కదరా" అంది.

ఫోన్ పెట్టేశాక, తీసుకొచ్చిన పుస్తకంలో అదే వారం ముందు వైపు తెరిచి చూశాను. సోమవారం: పాసివ్ వాయిస్. మంగళవారం: పాసివ్ వాయిస్, అభ్యాసం. కింద ఎర్ర సంతకం, పక్కన వెరీ గుడ్ అని.