ఇంప్లాంటు, చిగురు, దేహస్థితి: కొంత చరిత్ర

విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో పనిచేసిన నా తరం వైద్యులకు అడ్డపొగ తాగే స్త్రీలు సుపరిచితులు. చుట్ట నిప్పుకొసను నోటిలోపల ఉంచుకొని, రెండు చేతులా పని చేసుకుంటూ పొగ పీల్చేవారు. డెన్మార్కుకు చెందిన పిండ్‌బోర్గ్, మన దేశానికి చెందిన మెహతా, వారి సహచరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించారు. వారిలో సుమారు 44 శాతం మందికి ఈ అలవాటు ఉన్నది. ఆ పరిశోధన అంగిలి మీది మచ్చలకు, క్యాన్సరుకు సంబంధించినది. మేము అంతపాటి పరీక్షైనా చేయలేదు. రక్తహీనత తెలుసుకోవడానికి నాలుక చాపమనేవాళ్లం. చిగుళ్లు చూసేవాళ్లం కాము. పళ్లు మన శాఖ కాదనుకొనేవాళ్లం.

ఈ ఉపేక్షకు వెనుక ఒక చరిత్ర ఉన్నది. 1910లో లండను వైద్యుడు విలియం హంటర్ మాంట్రియల్‌లో చేసిన ప్రసంగంలో, కుళ్లిన పళ్లపై బంగారు తొడుగులు వేయడమే అనేక దేహరోగాలకు మూలమని ధ్వజమెత్తాడు. ఆ వాదం పాకి, కీళ్లనొప్పికీ నీరసానికీ కూడా మంచి పళ్లను పీకించిన కాలం వచ్చింది. వాదం వీగిపోయాక వైద్యులు నోటినే మరచిపోయారు. నోరు దేహాన్ని చెరుపుతుందా అన్న వివాదంలో, దేహం నోటిని ఏమి చేస్తుందన్న ప్రశ్న చాలాకాలం వెనుకబడింది.

ఇంప్లాంటు పుట్టుక కూడా రక్తప్రసరణ పరిశోధనలోనే జరిగింది. 1950ల తొలినాళ్లలో స్వీడనులో బ్రోనెమార్క్ కుందేలు కాలి ఎముకలో టైటానియం గూడు అమర్చి, అందులో రక్తం ఎలా ప్రవహిస్తుందో సూక్ష్మదర్శినితో చూశాడు. పని ముగిశాక తీయబోతే అది ఊడిరాలేదు. ఎముక దానితో ఏకమైపోయింది. 1965లో గోథెన్‌బర్గ్‌లో తొలి రోగికి దవడలో టైటానియం మరలు అమర్చాడు. అవి ఆ రోగికి నలభై ఏళ్లు ఉపయోగపడ్డాయి. 1982లో టొరంటోలో జరిగిన సమావేశంతో ఈ పద్ధతికి ప్రపంచవ్యాప్త ఆమోదం లభించింది. అంతకు ఆరు దశాబ్దాల ముందు ఇన్సులిన్‌ను కనుగొన్నది కూడా ఆ నగరంలోనే. ఆ రెండు విద్యలూ ఒకే రోగి నోట్లో కలుసుకోవడానికి మాత్రం మరికొంత కాలం పట్టింది.

లోహం పుచ్చదు కనుక దానికి రోగం లేదనుకోవడం పొరపాటు. సహజ దంతానికీ ఎముకకూ నడుమ సన్నని స్నాయువు ఉంటుంది; దానిలో రక్తనాళాలు ఉంటాయి; చిగురు నారలు పంటి వేరులోకి నాటుకొని ఉంటాయి. ఇంప్లాంటుకు ఆ స్నాయువు లేదు. నారలు దాని పక్కగా సాగిపోతాయే గాని అందులో నాటుకోవు. రక్తసరఫరా కూడా తక్కువే. అందువల్ల పాచిలోని క్రిములతో మొదలైన వాపు ఎముకను త్వరగా చేరుతుంది. ఎముక కరుగుతున్న ఈ స్థితినే పెరి-ఇంప్లాంటైటిస్ అంటారు.

మధుమేహం అదుపులో లేనివారిలో తెల్లరక్తకణాలు క్రిములతో సరిగా పోరాడలేవు. సూక్ష్మ రక్తనాళాలు దెబ్బతింటాయి, కొత్త ఎముక నెమ్మదిగా పడుతుంది. 1993లో హరాల్డ్ లో అనే దంతశాస్త్రజ్ఞుడు చిగుళ్ల వ్యాధిని మధుమేహపు ఆరవ ఉపద్రవంగా పేర్కొన్నాడు. పొగాకు మరింత మాయ చేస్తుంది: రక్తనాళాలను ముడుచుకొనేట్లు చేసి, వాచిన చిగురు నుండి రక్తం కారకుండా ఆపుతుంది. రోగి అంతా బాగున్నదనుకొంటాడు. 2003లో మయామీ శస్త్రవైద్యుడు రాబర్ట్ మార్క్స్ మరొక హెచ్చరిక చేశాడు. క్యాన్సరు రోగులకు సూదిమందుగా ఇచ్చే పామిడ్రొనేట్, జొలెడ్రొనేట్‌ల వల్ల దవడ ఎముక చచ్చుబడిన రోగులను గురించి ఆయన రాశాడు.

2017లో అమెరికా, ఐరోపా చిగుళ్ల నిపుణులు షికాగోలో సమావేశమై సాక్ష్యాలన్నీ తూచారు. పూర్వం తీవ్రమైన చిగుళ్ల వ్యాధి ఉండడం, పాచి సరిగా తీయకపోవడం, క్రమం తప్పక తనిఖీకి రాకపోవడం, ఈ మూడింటికీ బలమైన ఆధారం ఉన్నదన్నారు. పొగ, మధుమేహం విషయంలో ఆధారాలు ఇంకా తేలలేదన్నారు. దీన్ని చదివి షుగరుకు సంబంధమే లేదని చెప్పేవారున్నారు. నేను ఒప్పుకోను. ఆ మొదటి కారణమైన చిగుళ్ల వ్యాధిని పెంచి పోషించేవాటిలో షుగరు, పొగాకు ముందున్నాయి. పైగా చిగుళ్లకు వైద్యం చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బిఎ1సి సుమారు 0.4 శాతం తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. దారి రెండు వైపులా ఉన్నది.

మా ఊళ్లో ఒక విశ్రాంత ఉపాధ్యాయులు రెండు ఇంప్లాంట్లు పెట్టించుకొన్నారు. ముందు పరగడుపు షుగరు ఒక్కసారి చూసి సరే అనుకొన్నారట. రెండేళ్లకు ఒకటి కదలసాగింది. అప్పుడు మూడు నెలల సగటు పరీక్ష చేయిస్తే 9 దాటింది. ఆయనకు షుగరు మాత్రలు రాస్తున్నది నేనే. పళ్లు పెట్టించుకొంటున్నట్లు ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండవదానికి ఇప్పటికి ముప్పు లేదు. షుగరు అదుపులోకి వచ్చాక దంతవైద్యుని వద్దకు మూడు నెలలకొకసారి వెళ్లి శుభ్రం చేయించుకొంటున్నారు, ఆ చీటీ నాకు చూపుతున్నారు.