దిగబడిన బండి, తాడు పక్కన మనిషి

హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్లే జాతీయ రహదారి మీద ఆరాంఘర్ దాటగానే ఎడమ వైపున కాటేదాన్ పారిశ్రామిక వాడ ఉంటుంది. ఇంకాస్త ముందుకు పోతే గగన్‌పహాడ్, ఆ తర్వాత శంషాబాద్, 2008 మార్చిలో మొదలైన విమానాశ్రయం. మన గూడేల నుంచి, తండాల నుంచి పని కోసం పట్నం వచ్చిన పిల్లలు కొందరు ఈ దారి వెంబడి షెడ్లలో, గోదాముల్లో, క్రేన్ల దగ్గర, లారీల మీద హెల్పర్లుగా కుదురుతున్నారు. పండక్కి ఇంటికి వచ్చినప్పుడు వాళ్ల మాటల్లో వించి, బెల్టు, షాకిల్, హైడ్రా అనే పేర్లు దొర్లుతుంటాయి. మనం మన పోరాటాల చరిత్ర రాసుకున్నాం, జాతరల చరిత్ర రాసుకున్నాం. బరువులు లాగిన చరిత్ర మాత్రం రాసుకోలేదు. ఆ పిల్లల కోసం, వాళ్లకు చదువు చెప్పిన మన కోసం, ఆ చరిత్రను కొంతైనా ఇక్కడ చెప్పుకుందాం.

బండి దిగబడితే ఏం చేయాలో మన పెద్దలకు ఎవరూ నేర్పలేదు. వాగు ఇసుకలోనో, నల్లరేగడి బురదలోనో చక్రం ఇరుసు దాకా దిగితే ముందు ఎడ్లను అదిలించేవారు కాదు. బరువు దించేవారు. చక్రం ముందున్న మట్టిని తవ్వి ఏటవాలు చేసేవారు. కొమ్మలు, రాళ్లు పరిచేవారు. అప్పటికీ కదలకపోతే ముందు మరో జత ఎడ్లను కట్టి, అందరూ ఒక్క కేకతో ఒక్కసారి కదిలించేవారు. ఆ కేక వేసేది ఒక్కడే. మిగతా వాళ్లు వాడి గొంతు కోసం చూసేవారు. మేడారానికి జంపన్న వాగు దాటి వెళ్లిన బండ్లూ, నాగోబా జాతరకు కేస్లాపూర్ చేరిన మెస్రం వంశస్తుల బండ్లూ ఈ తెలివి మీదే నడిచాయి.

తాడు సంగతీ అంతే. అడ్డాకు తీగ నారతో పేనిన తాడు మన అడవిలో పుట్టిందే. విస్తరాకులిచ్చే తీగే తాడునూ ఇచ్చింది. తాడును ఎండలో వదిలేయకూడదనీ, పదునైన రాతి మీద ఒరిపిడి పడనీయకూడదనీ, ఒక్క పోగు తెగినా దాన్ని మనుషుల బరువుకు వాడకూడదనీ తేనె తీసేవాళ్లకు బాగా తెలుసు. కొండ అంచున తాడు పట్టి దిగేవాడి ప్రాణం ఆ నారలోనే ఉంటుంది కదా.

తర్వాత మన కొండల్లోకి రోడ్లు వచ్చాయి. అవి ఊరికే రాలేదు. గూడెం కొండల్లో నర్సీపట్నం వైపు నుంచి పైకి వేసిన రోడ్డు పనికి అప్పటి డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన వాళ్లను బలవంతంగా దించాడు. చాలీచాలని కూలి ఇచ్చాడు. ఆ కడుపుమంట 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో జరిగిన దాడికి ఒక కారణం. గాం గంటందొర, గాం మల్లుదొర ఆ పోరాటంలో ముందు నిలిచినవాళ్లు. రాళ్లు మోసింది, బండలు దొర్లించింది, మోకులు లాగింది మన వాళ్లు. ఆ రోడ్డు మీద తిరిగింది దొరల బండ్లు.

స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లోనే మన దేశంలో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం తయారైన ఆ బండి కొన్నాళ్లకు మన ఏజెన్సీ వాగుల్లోకి వచ్చింది. నాలుగు చక్రాలూ తిరిగే బండి అయినా బురదకు ఎవరూ మినహాయింపు కాదు. మా చిన్నప్పుడు వానాకాలంలో ఒక జీపు వాగులో దిగబడింది. ఊరివాళ్లను పిలిచారు. బావి దగ్గరి మోకు తెచ్చి బంపరుకు కట్టి, ఇరవై మంది లాగారు. మోకు పుటుక్కున తెగింది. తెగిన కొస ఒక పెద్దాయన మోచేతికి తగిలింది. ఆ చేయి మళ్లీ సరిగా వంగలేదు. జీపులో వచ్చినవాళ్లు గట్టు మీద గొడుగు కింద నిలబడి ఉన్నారు. లాగమన్నవాడు దూరంగా, లాగేవాడు తాడు పక్కన. ఈ వ్యాసం రాయాలనిపించడానికి ఆ దృశ్యమే కారణం.

ప్రపంచంలో తాడు ఎలా మారిందో కూడా చూద్దాం. జర్మనీలో హార్జ్ కొండల గనుల్లో ఇనుప గొలుసులు చెప్పకుండా తెగిపోతుంటే, విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అనే గనుల అధికారి 1834లో ఇనుప తీగలను పేని తాడు చేశాడు. గొలుసులో ఒక్క లింకు పోతే అంతా పోతుంది. పేనిన తాడులో ఒక తీగ తెగితే మిగతావి మోస్తాయి, తెగిన తీగ కంటికి కనబడి హెచ్చరిస్తుంది. మన నార తాడు సూత్రమే ఇనుముకు ఎక్కింది. తర్వాత 1935లో అమెరికాలో కారొథర్స్ బృందం నైలాన్ కనిపెట్టింది. నైలాన్ సాగుతుంది. పాలియెస్టర్ అంతగా సాగదు. ఈ చిన్న తేడా తెలియక ఇప్పటికీ ప్రాణాలు పోతున్నాయి.

కాటేదాన్ ప్రాంతానికి వద్దాం. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోతకు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగింది. నీళ్లు జాతీయ రహదారి మీదికి ఉరికాయి. వాహనాలు కొట్టుకుపోయాయి, మనుషులు పోయారు. మైలార్‌దేవ్‌పల్లి వైపు పల్లె చెరువు పొంగి బస్తీలను ముంచింది. చెరువు తన దారి మర్చిపోదని మన పెద్దలు అనేవారు. పారే నీటిలో బండి ఆగిపోతే దాన్ని లాగే మాటే ఎత్తకూడదు. ముందు మనిషిని బయటికి తేవాలి. నీరు తీసి, నేల కనబడ్డాకే బండి సంగతి. బురదలో కూరుకున్న బండ్లను క్రేన్లతో, వించీలతో, బెల్టులతో లాగేటప్పుడు తాడు పక్కన ఉండేది హెల్పరే. మన పిల్లలు ఆ పనిలో ఉన్నారు కాబట్టి కొన్ని సంగతులు వాళ్ల నోటికి రావాలి.

మొదటిది బరువు లెక్క. సైన్యంలో వాడే అంచనా ఒకటుంది. బురద చక్రం లోతు దాకా ఉంటే, లాగడానికి దాదాపు బండి బరువంత బలం కావాలి. మడ్‌గార్డు దాకా కూరుకుంటే రెండింతలు. అంటే రెండు టన్నుల బండికి నాలుగు టన్నుల లాగుడు. అందుకే మన తాతలు ముందు తవ్వారు, ముందు బరువు దించారు. పార పట్టిన పది నిమిషాలు తాడు మీది భారాన్ని తగ్గిస్తాయి.

రెండోది బెల్టుల తేడా. సాగే నైలాన్ బెల్టు ఉన్నది ఒక బండి మరో బండిని కుదుపుతో లాగడానికి. సాగినప్పుడు అది బలాన్ని దాచుకుని, మెల్లగా వదులుతుంది. దాన్ని వించికి తగిలిస్తే రబ్బరు పట్టీలా బలం నిండి, ఎక్కడో ఒకచోట ఊడితే రాయిలా దూసుకొస్తుంది. వించికి కావలసింది సాగని తాడు. సాగని తాడుతోనో గొలుసుతోనో కుదిపి లాగితే కొక్కెం విరుగుతుంది. ఏ పనికి ఏదో ముందే తెలియాలి. నైలాన్ తడిస్తే బలం కొంత తగ్గుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

మూడోది ఎక్కడ తగిలించాలి అన్నది. బంపరుకు కాదు. ట్రాలీ తగిలించే గుండుకు అసలే కాదు. ఆ గుండు విరిగి ఫిరంగి గుండులా ఎగిరి మనుషులను చంపిన సంఘటనలు చాలా దేశాల్లో జరిగాయి. ఛాసిస్‌కు గట్టిగా బిగించిన, లాగడానికే పెట్టిన కొక్కేనికే తగిలించాలి. ఎంత బరువు తట్టుకుంటుందో అంకె ముద్రించిన షాకిలే వాడాలి. రెండు బెల్టులను కలపడానికి మధ్యలో షాకిల్ పెట్టకూడదు, ముడి వేయకూడదు. ముడి బలాన్ని తింటుంది, ఇనుప ముక్క తూటా అవుతుంది.

నాలుగోది కప్పీ. బావి కప్పీ తెలియని ఇల్లు మనలో లేదు. వించి తాడును చెట్టుకు కట్టిన కప్పీ మీదుగా తిప్పి, తిరిగి అదే బండికి తగిలిస్తే లాగే బలం దాదాపు రెండింతలవుతుంది, వేగం సగమవుతుంది. తాడు వి ఆకారంలో రెండు కొసలకు కట్టినప్పుడు కోణం పెరిగేకొద్దీ ఒక్కో కొస మీద భారం పెరుగుతుంది. 120 డిగ్రీల కోణం వచ్చేసరికి ఒక్కో కొస మొత్తం భారాన్నీ మోస్తుంది. రెండు కొసలున్నాయి కదా, సగం సగం మోస్తాయిలే అనుకుంటే మోసపోతాం. ఇది తరగతి గదిలో రెండు తాళ్లు, ఒక ఇటుకతో చూపించగలిగే పాఠం.

ఐదోది చెట్టు. చెట్టుకు గొలుసు చుట్టి లాగితే బెరడు చుట్టూ తెగుతుంది. చుట్టూ బెరడు తెగిన చెట్టు ఎండిపోతుందని పోడు చేసిన మనకు ఒకరు చెప్పాలా? వెడల్పాటి బెల్టును మొదట్లో, నేలకు దగ్గరగా చుట్టాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లోని చింతచెట్టు సుమారు 150 మందిని తన కొమ్మల మీద బతికించింది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఆ చెట్టును ఇప్పటికీ చూపిస్తారు. ఆపదలో ఆసరా ఇచ్చిన చెట్టును చంపి రావడం మన పద్ధతి కాదు.

ఆరోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, మనిషి ఎక్కడ నిలబడాలన్నది. బిగిసిన తాడును దాటకూడదు, తాకకూడదు. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో, పక్కకు నిలబడాలి. తాడు మధ్యలో తడి గోనెసంచో బరువైన దుప్పటో వేస్తే తెగిన కొస ఎగరడం కొంత తగ్గుతుంది. అది ఉందికదా అని దగ్గరికి పోకూడదు. ఇనుప తాడును తోలు గ్లౌజులు లేకుండా పట్టుకోకూడదు. డ్రమ్ము మీద కనీసం ఐదు చుట్లు మిగిలి ఉండాలి. సైగ చేసేది ఒక్కరే ఉండాలి. ఆపమనే సైగ మాత్రం ఎవరు చేసినా ఆపాలి.

ఈ చివరి మాట మన పిల్లలకు కష్టం. పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రవాడు ‘అన్నా, తాడు పోగులు లేచినయ్, ఆపు’ అంటే నవ్వుతారేమో, రేపు పనికి రావద్దంటారేమో అని భయం. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1948 కర్మాగారాల చట్టం 29వ సెక్షను ఏం చెప్పిందో వాళ్లకు తెలిస్తే ఆ గొంతుకు కొంత బలం వస్తుంది. బరువులెత్తే యంత్రాలను, గొలుసులను, తాళ్లను కనీసం ఏడాదికి ఒకసారి అర్హత ఉన్నవారితో పరీక్ష చేయించాలని, ఎంత బరువు వరకు వాడొచ్చో తెలియాలని, అంతకు మించి ఎత్తకూడదని అందులో ఉండేది. పాత తాడును పక్కన పెట్టమనడం పనికి ఎగనామం పెట్టడం కాదు. తేనె తీసే మన తాత పోగు తెగిన తాడును పారేసినప్పుడు అతన్ని ఎవరూ పిరికివాడు అనలేదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. కప్పీల పాఠం చెప్పే రోజు ఊళ్లోని ఒక పెద్దాయనను బడికి పిలవండి. దిగబడిన బండిని ఎలా తీసేవారో ఆయన నోటితో చెప్పించండి. తాడుకు, ముడికి, కాడికి, ఇరుసుకు మన భాషల్లో ఉన్న పేర్లను పిల్లల చేత రాయించండి. రేపు వాళ్లలో ఒకరు కాటేదాన్‌లో ఏ షెడ్డు ముందో బిగిసిన ఇనుప తాడు పక్కన నిలబడాల్సి వస్తే, పది అడుగులు వెనక్కి వేయాలని ఆ పెద్దాయన గొంతు గుర్తు చేయాలి.